ఐదింతల తాడు

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎల్లాజీ, అతని పెళ్ళాం కాశులమ్మ, తమ్ముడు దాసప్ప ఉండేవాళ్ళు. ఊరికి రావలసిన బుద్ధంతా దారి తప్పి తమ గుమ్మంలోనే దిగబడిపోయిందని ఆ ముగ్గురి నమ్మకం. ఎవరేం చెప్పబోయినా, "మాకు తెలీనిదా?" అని ముగ్గురూ ఒక్కసారే అరిచేవాళ్ళు. గట్టిగా అరిస్తే తెలిసిపోతుంది కాబోలు!

ఓరోజు కాశులమ్మ తండ్రి కొర్లయ్య తన పడవ తెచ్చి అప్పజెప్పాడు.

"గాలివానొస్తోంది. నేను వలలు తెచ్చేలోగా దీన్ని మొగలో నిలపండి. అక్కడ లోతు నాలుగు బారలు. దానికి ఐదింతలు తాడుండాలి లంగరుకి. ఈ పడవ పోతే మన రెండిళ్ళలోనూ పొయ్యి రాజదు."

"మాకు తెలీనిదా?"

ముందు పడవలో ఉన్న తాడు కొలిచారు. ఎల్లాజీ తాటిచెట్టంత మనిషి. చేతులు బార్లా చాపి కొలిస్తే పద్దెనిమిది బారలొచ్చింది. పొట్టి దాసప్ప కొలిస్తే ఇరవై రెండు.

"అన్నియ్యా, నిన్ను చూసి భయపడి ముడుచుకుంటోంది ఇది!"

"కాదురా, నీ దగ్గర చనువెక్కి సాగుతోంది!"

అంతే, చెరో కర్రా పుచ్చుకుని తాడుని చావబాదారు. తరవాత కాశులమ్మ కొలిచింది. సరిగ్గా ఇరవై.

"దెబ్బకి దారికొచ్చింది," అని మురిసిపోయారు.

"ఉన్నది ఒక్క తాడే. అయ్య ఐదింతలన్నాడు కదా?" అంది కాశులమ్మ. ఇంకేముంది, కత్తిపీటేసుకుని కూర్చుని తాడుని ఐదు ముక్కలు చేసేసింది. "చూడండి, ఒక్కోటీ నాలుగు బారలు! లోతూ నాలుగు బారలే! ఎంత కుదిరిందో!"

ఐదు ముక్కల్నీ పక్కపక్కనే లంగరుకి కట్టి, మొగలోకెళ్ళి పడేశారు. ముడులకి కొంత, పడవ అంచుకి కొంత పోయి, లంగరు నీళ్ళ మధ్యన వేలాడింది. పడవ సముద్రం వైపు జారడం మొదలెట్టింది. వలలు మోసుకొస్తున్న కొర్లయ్య దూరం నుంచే చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఒరే, లంగరు నేలకి తగల్లేదురా! నేలకి తగలాలి!"

"నీళ్ళలో నేలేటి మావా? నేలుండేది ఒడ్డున కదా!" అన్నాడు ఎల్లాజీ.

అంతే, గబగబా తెడ్లేసి ఒడ్డుకొచ్చేశారు. పొడి ఇసకలో లంగరు దించారు. "నేలకి తగిలింది కదా, ఇంక తాళ్ళు పడవకెందుకు?" అని ఐదు ముడులూ విప్పేశారు. పైగా ముగ్గురూ ఎక్కి లంగరు మీద కూర్చున్నారు.

"ఇప్పుడు కదలమను చూద్దాం!"

కదల్లేదు. లంగరు అంగుళం కూడా కదల్లేదు. పడవే వెళ్ళిపోతోంది.

కొర్లయ్య వలలు విసిరికొట్టి నీళ్ళలో దూకాడు. ఈదుకుంటూ వెళ్ళాడు. పడవ అంచు ఇంక జానెడు దూరం.

"అయ్యో, అయ్య కూడా కొట్టుకుపోతున్నాడు!" అని కాశులమ్మ కెవ్వుమంది.

ఇంకేముంది, తాళ్ళన్నీ ఒకదానికొకటి ముడేసి, చివర ఉచ్చు వేసి విసిరారు. కొర్లయ్య నడుముకి పడింది. ముగ్గురూ హైలెస్సా అని ఒడ్డుకి లాగేశారు. పడవ మొగ దాటి సముద్రంలో కలిసిపోయింది.

నోట్లోంచి నీళ్ళు కక్కుతున్న కొర్లయ్యని లంగరుకి గట్టిగా కట్టేసి, ఎల్లాజీ చేతులు దులుపుకున్నాడు.

"భయపడకు మావా! ఇంక ఎంత గాలివానొచ్చినా నువ్వు కదలవు!"