కానుల్ సగం పళ్ళెం

వినండి మరి. మీ తాతకు తాత ఉయ్యాల ఎక్కకముందు మాట. సముద్రాలకు ఆవల, మొక్కజొన్న తిని బతికే దేశంలో, అడవి మింగేసిన ఒక రాతి నగరం ఉండేది. దాన్ని కట్టించిన రాజుల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. వచ్చినవాళ్ళకు దాన్ని తిప్పి చూపించిన కానుల్ పేరు మాత్రం మిగిలింది. చిత్రం కదూ!

కానుల్‌కు ఉన్నవి ఒక గుడిసె, భార్య నిక్తే, ఇద్దరూ కలిసి తినే ఒక మట్టి పళ్ళెం. అంతే.

ఎవరొచ్చినా అతను మూడు చోట్లకు తీసుకెళ్ళేవాడు. ముందు మెట్ల గుడి. తర్వాత రాజులు బంతాట ఆడిన బయలు. చివరికి రాతి సమాధి. ప్రతి చోటా ఒకటే మాట: “మెల్లగా నడవండి బాబూ, ఇది ఒకరి ఇల్లు.”

సమాధిలో ఎముకల ముఖం మీద ఒక పళ్ళెం బోర్లించి ఉండేది. దాని నడుమ చిల్లు.

“ఇది పగిలింది కాదు బాబూ. పోయినవాళ్ళ ముఖం మీద ఇలా చిల్లుపళ్ళెం బోర్లిస్తాం. ఊపిరి ఆ దారినే పైకి పోతుంది. పళ్ళెం లేకపోతే మట్టి కప్పేసి లోపలే చిక్కుకుపోతుంది” అనేవాడు.

ఒక వానాకాలం నిక్తే జ్వరంతో పోయింది. తడి ఇసుక వేసి, ఎముక సూదితో నెమ్మదిగా తొలిస్తే పళ్ళానికి చిల్లు పడుతుంది. ఆ సంగతి ఎందరికో చెప్పినవాడే. కానీ ఆరోజు చేతులు అతని మాట వినలేదు. రాయి తీసుకుని, ఇద్దరూ తిన్న ఆ పళ్ళెం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. పళ్ళెం రెండు ముక్కలైంది.

“సగం పళ్ళెం పెట్టకూడదురా, తప్పు” అంది ఊరి పెద్దవ్వ.

ఇంటికొక్క పళ్ళెం ఉన్న ఊరు. ఎవరిని అడుగుతాడు? అక్కడి ఆచారం ప్రకారం నిక్తేని గుడిసె నేలలోనే పూడ్చారు, ఒట్టి ముఖంతో. అప్పటినుంచి కానుల్ ఆకులో తిన్నాడు. నేలకు చెవి ఆనించి, కింద ఆమె ఊపిరాడక కొట్టుకుంటోందని ఏడ్చాడు.

కోతల కాలంలో ఒక దొర భటులతో వచ్చాడు. కానుల్ మూడు చోట్లూ చూపిస్తూ చివరికి రాతి సమాధిలోకి తీసుకొచ్చాడు.

“ఇవన్నీ సరే. పచ్చరాళ్ళు పెట్టి పూడ్చిన సమాధి ఉందట. నీ ఒక్కడికే తెలుసట. ఎక్కడ?” అన్నాడు దొర.

“తెలియదు దొరా.”

భటులు కొట్టారు. దొర మళ్ళీ అడిగాడు.

“తెలియదు దొరా.”

మళ్ళీ కొట్టారు. మూడోసారి దొర కొట్టించలేదు. నిక్తే సంగతి ఊళ్ళో విని వచ్చాడు కదా, ఆ ఎముకల మీది పళ్ళెం తీసి కానుల్ చేతుల్లో పెట్టాడు.

“నీ పెళ్ళానికి పళ్ళెం లేదంట. ఇది తీసుకో. దారి చెప్పు.”

కానుల్ ఆ పళ్ళాన్ని గుండెకు హత్తుకున్నాడు. తీసుకుని ఉంటే ఎవరు తప్పుపడతారు? నన్నడిగితే, నేనైతే తీసుకునేవాణ్ణే. అతను చాలాసేపు ఏడ్చాడు. తర్వాత వంగి, ఆ ఎముకల ముఖం మీదే దాన్ని మళ్ళీ బోర్లించాడు.

“ఈమె కూడా ఎవరి భార్యో దొరా.”

“అయితే ఆమెతోనే ఉండు” అని దొర బయటికొచ్చి సమాధి తలుపురాయి మూయించి, భటుల్ని కాపలా పెట్టాడు.

మూడోనాటికి భటుల కాపలా పోయింది. ఊరివాళ్ళు పరుగున వచ్చి రాయి తొలగించారు. అప్పటికే కానుల్ ప్రాణం పోయింది.

నిక్తే పక్కనే పూడ్చడానికి గుడిసె నేల తవ్వారు. కానుల్ చూరులో దాచుకున్న పళ్ళెం ముక్కలు రెండూ పెద్దవ్వ తీసింది. ఒకటి నిక్తే ముఖం మీద, ఒకటి కానుల్ ముఖం మీద పెట్టింది.

“సగానికి చిల్లెందుకురా, దారి తెరిచే ఉంది కదా. ఆరోజే పెట్టనిచ్చి ఉంటే నువ్వు అంత ఏడ్చేవాడివి కాదు. తప్పు నాదే నాయనా” అని గుండెలు బాదుకుంది.

ఆ దొర పేరా? నాకు తెలియదు, మీకూ అక్కర్లేదు.

అక్కడ ఈనాటికీ ఆలుమగల్లో ఒకరు పోతే, ఇంట్లోవాళ్ళు పళ్ళాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఒకటి పోయినవాళ్ళ ముఖం మీద పెడతారు. రెండోది మిగిలినవాళ్ళ చేతికిచ్చి, “కానుల్ ముక్క, జాగ్రత్త” అంటారు.