వెనక సీట్లో పాత ఇంజను

తాతగారి కాలం నాటి కారులో ఇంజను పగిలిపోతే, గొల్లవరం జమీందారు మెకానిక్ మస్తానును పిలిపించాడు.

"దసరా ఊరేగింపుకి కారు నడిచి తీరాలి. మా వంశపు ఇంజను మాత్రం కారులోనే ఉండాలి. బయట పారేశావో, నీ షెడ్డు పీకించేస్తా!"

అతుకుపెడితే నిలిచే పగులు కాదది. మస్తాను రెండు రోజులు బుర్ర గోక్కుని, బానెట్ కింద ఓ లారీ ఇంజను బిగించాడు.

పండగనాడు కారు గుర్రుమంటూ గుమ్మంలో ఆగింది. జమీందారు మీసం దువ్వుకుంటూ తలుపు తీశాడు. వెనక సీట్లో, పట్టుశాలువా కప్పుకుని, పాత ఇంజను!

"ఏమిట్రా ఇది?"

"కారులోనే ఉంచాను కదా దొరా! లాగేవాళ్ళు ముందు, వంశం గలవాళ్ళు వెనక. తమరు కాస్త సర్దుకుని ఆ పక్కనే కూర్చోండి."