పట్టపుటేనుగు మర్యాదలు

ఒకానొక రాజ్యంలో పొద్దుపొడిచి రెండు గడియలైంది. రాజు చండకేతుడు ఏనుగుసాలలో వంగి, పట్టపుటేనుగు భద్రుడి లద్దెను పరీక్షగా చూస్తున్నాడు.

ఇది ఆయన రోజూ చేసే పని. మావటి ఓబన్న లద్దెను కర్రతో విడదీసి పీచు ఎంత ఉందో, రంగు ఎలా ఉందో, నెత్తురేమైనా కనబడిందో చెబుతాడు. అది విన్నాకే రాజు ఫలహారానికి కూర్చుంటాడు.

"ఏనుగు జబ్బు దాచుకుంటుంది ప్రభూ. లద్దె దాచదు" అన్నాడు ఓబన్న.

రాజు మాట మార్చాడు.

పక్కనే ఉన్న విదూషకుడు కొమ్మన అది గమనించాడు. రాజు చిక్కిపోయి, నడికట్టు రెండు నెలల్లో నాలుగు వేళ్ళు వదులైందని అంతకుముందే గమనించాడు. కానీ రాజుకు జబ్బుందని అన్నవాడికి దేశబహిష్కారం. పగవాళ్ళు వింటారని చండకేతుడే పెట్టిన చట్టం అది.

ఆ సాయంత్రం రాజమాత కొమ్మనను పిలిపించింది.

"నా కొడుక్కి విరేచనంలో నెత్తురు పడుతోంది నాయనా. వీళ్ళ నాన్నకూ ఇలాగే పడేది. సిగ్గుపడి ఏడాది దాచాడు. పేగులో గడ్డ అని తెలిసేసరికి వైద్యుడి చేయి దాటిపోయింది. యాభై నిండకుండానే పోయాడు. వీడికిప్పుడు నలభై ఎనిమిది. బట్టలుతికే మనిషి చెబితే నాకు తెలిసింది. అడిగితే 'రాజుకు రోగమేమిటమ్మా' అని నవ్వేశాడు. నా కొడుకు నాకు కావాలిరా."

మర్నాడు కొమ్మన సభకు ఆలస్యంగా వచ్చి ఓ మూల కూర్చున్నాడు.

"ఏమయ్యా, మొహం వేలాడేశావు?" అన్నాడు రాజు.

"భద్రుడికి తమకంటే ఎక్కువ మర్యాదలు జరుగుతున్నాయి ప్రభూ. చూడలేకపోతున్నాను."

"నాకంటేనా! ఈ రాజ్యంలో నాకంటే ఎక్కువ మర్యాద ఎవరికి?"

"నా మాట నమ్మరు. ఓబన్నను అడగండి."

"ఎవరినీ అడగక్కర్లేదు! ఏనుగుకు జరిగే ప్రతి మర్యాదా రేపటినుంచి నాకూ జరగాలి. రాయండి!"

"ఎవరైనా అడ్డుపడితే?" అన్నాడు కొమ్మన.

"నేనే అడ్డుపడినా వినొద్దు!"

లేఖకుడు రాశాడు. ముద్ర పడింది.

తెల్లారగానే రాజు పడకగది ముందు ముగ్గురు నిలబడ్డారు. ఓబన్న చేతిలో కర్ర, వైద్యుడు నాగశాస్త్రి చేతిలో కొత్త మట్టిమూకుడు. కొమ్మన చేతిలో రాజముద్ర పడిన ఆజ్ఞ.

"ఏమిటిది?"

"లద్దె చూసే మర్యాద ప్రభూ" అన్నాడు కొమ్మన. "తర్వాత రెండు క్రోసుల నడక. మధ్యాహ్నం ముతక ధాన్యం, ఆకుకూరలు. భద్రుడికి వేపుడు మాంసం, సారా పెట్టరు కాబట్టి తమకూ ఉండవు."

"నీ తల తీయిస్తాను!"

"తీయించండి. ముందు మూకుడు."

ఓబన్న నేల చూపులు చూస్తూ, "భద్రుడైతే ఇంత గొడవ చెయ్యడు ప్రభూ" అన్నాడు.

రాజుకు నవ్వాగలేదు. గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వు మధ్యలో, వసారా చివర స్తంభం పక్కన తల్లి కనబడింది. నవ్వు ఆగిపోయింది.

"భయమేసింది కొమ్మనా" అన్నాడు మెల్లగా. "నాన్నను చూశాను కదా. చెబితే అదే నిజమవుతుందేమోనని..."

"మనం చూడనంత మాత్రాన భద్రుడికి జబ్బు రాకుండా పోతుందా ప్రభూ?"

రాజు చేయి చాచి మూకుడు అందుకున్నాడు.

మూకుడులో నెత్తురు చారలు కనబడ్డాయి. నాగశాస్త్రి రాజును పరీక్షించి, పేగు చివర రేగుగింజంత కండ పెరిగిందని చెప్పాడు. "ఇప్పుడైతే దారంతో కట్టి తీసేయగలను. ఏడాది ఆగి ఉంటే నావల్ల అయ్యేది కాదు." మూడోనాటికి తీసేశాడు.

రాజు తన చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగి, ఇంకేం కావాలని అడిగాడు. జబ్బు మాటెత్తితే బహిష్కారమనే చట్టాన్ని రద్దు చేయమన్నాడు కొమ్మన. రాజు ఆ చట్టం రాసిన తాటాకును తెప్పించి అక్కడే చించేశాడు. తర్వాత కాసేపు ఆలోచించి, ఇద్దరికీ తండ్రి ఒకడే కదా, ఆమెకూ ఈ జబ్బు ఉండొచ్చని, పొరుగుదేశంలో కాపురముంటున్న చెల్లెలు మందాకిని దగ్గరకు నాగశాస్త్రిని పంపాడు.

పదకొండో రోజున వైద్యుడి నుంచి ఉత్తరం వచ్చింది. మందాకినికి అలాంటి కండలు రెండున్నాయి, తీసేశాడు. ఆమెకు ఎనిమిది నెలలుగా నెత్తురు పడుతోంది. ఎవరికీ చెప్పలేదు.