జెల్లీ చేప మెదడు ఎవరు పట్టుకుపోయారు?

ఒకప్పుడు జెల్లీ చేప ఇప్పటిలా ఉండేది కాదు. దానికి గట్టి ఎముకలుండేవి, గుండె ఉండేది, చురుకైన మెదడు ఉండేది. ఒళ్ళేమో మందార పువ్వంత ఎర్రగా ఉండేది. ఎంత దూరం నుంచి చూసినా "అదిగో నూకాలు!" అని అందరూ గుర్తుపట్టేసేవారు. నూకాలు దాని పేరు.

ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట నూకాలు ఉండేది. అక్కడ పిల్ల చేపలు వందలకొద్దీ ఆడుకునేవి. పై ఊళ్ళ నుంచి ఏటిలో అప్పుడప్పుడు నల్లటి నీళ్ళు కొట్టుకొచ్చేవి. అవి మింగిన పిల్ల చేప వెల్లకిలా తేలిపోయేది.

అందుకని నల్ల నీళ్ళు కనబడగానే నూకాలు రయ్యిన ఈదుకుంటూ వచ్చేది. "పదండర్రా, లోతుకి పదండి!" అని అరిచేది. పిల్లలు ఆ ఎరుపు వెంటే పోయేవి. మొండికేసిన వాటిని తలతో ఒక్క పోటు పొడిచి మరీ తోలేది. ఆ పని చెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు.

అదే సముద్రంలో, మునిగిపోయిన ఒక పాత ఓడలో, పెద్ద విశ్వవిద్యాలయం ఉండేది. అందులో సముద్ర శాస్త్రం, భూమి శాస్త్రం, ఆరోగ్య శాస్త్రం, మెదడు శాస్త్రం అని నాలుగు శాఖలు. నాలుగింటికీ ఒక్కరే పెద్ద. ఆయన ఆచార్య అష్టభుజరావు గారు, అంటే ఆక్టోపస్. ఒక్కో శాఖకి రెండేసి చేతుల చొప్పున సరిగ్గా సరిపోయేవి.

ఒకరోజు ఆయన నూకాలు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, పిల్ల చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయో మేం పరిశోధిస్తున్నాం."

"దానికి పరిశోధనెందుకండీ? ఏటిలోంచి నల్ల నీళ్ళొస్తున్నాయి, అవి మింగి చస్తున్నాయి. మీరూ ఒక చెయ్యి వేస్తే అందర్నీ లోతుకి తోలేద్దాం," అంది నూకాలు.

ఆచార్యుల వారికి నవ్వొచ్చింది. "నువ్వు ఏ శాఖలో చదివావు?"

"చదవలేదండీ. రోజూ చూస్తున్నాను."

"చూస్తే చాలదమ్మా, రుజువు కావాలి. నీ ఎర్ర రంగు మాకియ్యి. నీళ్ళలో కలిపి, ఏ నీళ్ళు ఎటు పోతున్నాయో కనిపెడతాం. పనైపోగానే తిరిగిచ్చేస్తాం."

పక్కనే ఇసుకలో పడుకున్న పైడమ్మ తలెత్తింది. పైడమ్మ ఒక టేకు చేప. చాపలా పల్చగా ఉంటుంది, తోక మీద విషపు ముల్లుంటుంది. ఆ చుట్టుపక్కల అందరికన్నా వయసులో పెద్దది. నోరూ పెద్దదే.

"ఏటే నూకాలూ, ఆలోచిస్తన్నావా? ఆయనకి ఎనిమిది చేతులున్నాయి. ఎనిమిదీ పట్టుకుపోడానికే."

"పిల్లల కోసం కదత్తా," అంది నూకాలు. ఆచార్యుల వారు చాచిన నాచు ఆకు మీద 'ఇష్టపడే ఇచ్చాను' అని రాసి ఉన్న చోట రెక్క ముద్ర వేసింది.

మర్నాడే నల్ల నీళ్ళొచ్చాయి. నూకాలు పరుగున వచ్చి అరిచింది. రంగు పోయి గాజులా అయిపోయింది కదా, ఆ మురికిలో పిల్లలకి అది కనబడనే లేదు. ఆరోజు పదకొండు పిల్లలు తేలిపోయాయి.

నూకాలు ఏడుస్తూ ఓడ దగ్గరికి వెళ్ళింది. "నా రంగు నాకిచ్చెయ్యండి బాబూ!"

"పరిశోధన జరుగుతోంది. దాదాపు అయిపోయింది," అన్నారు ఆచార్యుల వారు. "అయితే ఒక్క సముద్ర శాస్త్రం చెబితే ఎవరూ నమ్మరు. భూమి శాస్త్రం కూడా చెప్పాలి. దానికి ఎముకలు కావాలి. అవీ ఇచ్చావంటే నువ్వు అన్నీ కలిపి ఒకేసారి వెనక్కి తీసుకుపోవచ్చు."

నూకాలు నమ్మింది. ఎముకలిచ్చింది. ఒళ్ళు గొడుగులా ముడుచుకుపోయింది. అంచుల్లో చర్మం పోగులు పోగులుగా వేలాడింది. ఇక ఎదురీదడం లేదు, తలతో పొడిచి తోలడం లేదు. అల ఎటు తోస్తే అటు పోవడమే. కొట్టుకుపోతూనే "లోతుకి పదండర్రా!" అని కేకలు పెట్టేది. దగ్గర్లో ఉన్న పిల్లలు వినేవి. మిగిలినవి తేలిపోయేవి.

మూడోసారి ఆచార్యుల వారే వచ్చారు, గుండె కోసం.

"ఆరోగ్య శాస్త్రం అడుగుతోందమ్మా. నువ్వెలాగూ బాధపడుతున్నావు. గుండె మా దగ్గరుంటే ఆ బాధ కూడా ఉండదు."

"ఒద్దే! దాని జోలికి రానియ్యకు!" అని పైడమ్మ ఇసుక రేగ్గొట్టి అరిచింది.

"ఇంకెంతమంది పోతారత్తా? ఆ పరిశోధనేదో తొందరగా పూర్తవనియ్యి," అంది నూకాలు. గుండె కూడా ఇచ్చేసింది.

ఆ తర్వాత నల్ల నీళ్ళొచ్చినప్పుడు నూకాలు అరవలేదు. పిల్లలు తేలిపోతుంటే చూస్తూ ఊరుకుంది.

నాలుగోసారి మెదడు అడిగారు. గుండె లేదు కాబట్టి నూకాలుకి భయమూ లేదు, అనుమానమూ లేదు. "ఊ," అంది. ఆ ఒక్క ముక్కే అది మాట్లాడిన ఆఖరి మాట.

కొన్నాళ్ళకి ఓడలో పెద్ద సభ పెట్టారు. సముద్రమంతా కదిలొచ్చింది. ఆచార్యుల వారు శంఖం మీదెక్కి ఫలితాలు చదివారు.

"నీళ్ళు ఎటు పోతే రంగు అటే పోతుందని సముద్ర శాస్త్రం తేల్చింది!" చప్పట్లు.

"ఎముకలు వదిలితే కిందికే పడ్డాయి. కాబట్టి నేల కిందే ఉంది!" ఇంకా చప్పట్లు.

"గుండె లేనివాళ్ళకి గుండెపోటు రాదు!" ఒక ముసలి చేప ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

"ఇక నా అసలు ఆవిష్కరణ. ఏటిలోంచి నల్ల నీళ్ళొస్తున్నాయి. అవి మింగి పిల్ల చేపలు చస్తున్నాయి. ఇది నేనే కనిపెట్టాను!"

సభ దద్దరిల్లింది. పైడమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఆ మాట మొదటి రోజే నూకాలు చెప్పింది గదా? దాని మెదడులో చూసి చదివేసి, నాదంటావేటి?"

ఆచార్యుల వారు బుస్సుమని సిరా చిమ్మారు. సభంతా నల్లబడిపోయింది. నీళ్ళు తేరుకునేసరికి ఆయన లేరు. ప్రశ్న అడిగితే ఇప్పటికీ ఆయనది అదే పద్ధతి.

మర్నాడు ఏటి దగ్గర 'ఇటు రావద్దు' అని ఒక బోర్డు పెట్టారు. పిల్ల చేపలకి చదవడం రాదు.

పైడమ్మ వెతుక్కుంటూ పోయి నూకాలుని పట్టుకుంది. అది నీళ్ళ మీద తెల్లగా తేలుతోంది.

"నూకాలూ, నన్ను పోల్చుకున్నావే?"

అల తోస్తే నూకాలు అటు జరిగిపోయింది. పైడమ్మ చాలాసేపు దాని పక్కనే ఈదింది.

"తెలివి నేనివ్వలేను. గుండె ఇవ్వలేను. నా దగ్గరున్నది ఇదొక్కటే. నాకు మళ్ళీ మొలుస్తాదిలే," అని తోక ముల్లుని రాతికేసి కొట్టి నలగ్గొట్టింది. ఆ సన్నటి ముక్కల్ని ఒక్కొక్కటిగా నూకాలు పోగులకి గుచ్చింది.

తర్వాత మిగిలిన పిల్లల్ని పిలుచుకొచ్చింది. పోగులు తగలకుండా వాటి మధ్య ఎలా దూరాలో నేర్పింది.

అంతలో ఆచార్యుల వారు మళ్ళీ దిగారు. మెడలో పెద్ద పతకం.

"అద్భుతం! మెదడు లేకుండా ఇది ఎలా బతుకుతోంది? దీని మీద కొత్త పరిశోధన మొదలెట్టాలి. మిగిలిన ఒళ్ళు కూడా కావాలి!" అంటూ ఎనిమిది చేతులూ చాచి గట్టిగా పట్టుకున్నారు.

ఎనిమిది చేతులూ ఒకేసారి భగ్గుమన్నాయి.

"చచ్చాను బాబోయ్! ఇది పరిశోధనకి సహకరించడం లేదు!" అని కేకలు పెడుతూ ఆయన రాళ్ళ సందులోకి దూరిపోయారు.

అప్పటినుంచే జెల్లీ చేపకి రంగు లేదు, ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. అల ఎటు తోస్తే అటు పోతుంది. ముట్టుకుంటే మాత్రం ఒళ్ళు మంటెత్తిపోతుంది, ముట్టుకున్నవాళ్ళు ఎంత చదువుకున్నవాళ్ళయినా సరే. పెద్ద చేప తరిమితే పిల్ల చేపలు ఈనాటికీ దాని గొడుగు కిందికే పరుగెత్తుతాయి. ఆ పిల్లలెవరో దానికి తెలియదు. అదెవరో పిల్లలకి తెలుసు.