ముక్కుతో వండే పేరిభొట్లు

పేరిభొట్లు ముక్కు పనిచెయ్యడం మానేసింది.

ఇంకొకరి ముక్కయితే జలుబనుకుని మిరియాల కషాయం తాగి ఊరుకునేవారు. ఇది పాతికేళ్ళుగా ఆశ్రమం వంటశాలను ఏలిన ముక్కు. దేవుడికి నివేదన కాకుండా వంట రుచి చూడకూడదు కదా, అందుకని పేరిభొట్లు గుండిగ మీద మూత తీసి, లేచిన ఆవిరిని ఒక్కసారి పీల్చి ఉప్పూ పులుపూ తేల్చేసేవాడు. వీధి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే లోపల ఏ పొయ్యి మీది గుండిగలో కారం ఎక్కువైందో చెప్పేవాడు. అంతెందుకు, గోదావరి అవతలి గట్టున ఏ ఇల్లాలైనా చారులో ఇంగువ మరిచిపోతే ఇవతలి గట్టున ఈయన తుమ్మేవాడు! నమ్మనివాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. పాపం, వాళ్ళకి ఆ చారు తాగే యోగం పట్టలేదు.

అలాంటి ముక్కు శివరాత్రి సంతర్పణ ముగిసిన మర్నాడు మూగబోయింది. పోపు మాడినా తెలియలేదు. మల్లెపూలు తెచ్చి ముక్కుకి ఆనించినా తెలియలేదు. వైద్యుడు నాడి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ముక్కుకి రోగం లేదు. మనిషి అలిసిపోయాడు. పని మానిపించి నాలుగు రోజులు ఎక్కడికైనా పంపండి" అన్నాడు.

వైశాఖంలో పరమగురువుల ఆరాధన. జిల్లాలకి జిల్లాలే కదిలివస్తాయి. అప్పటికి ముక్కు తిరిగి రాకపోతే గరిట రెండో వంటవాడు కామయ్య చేతికి పోతుంది. ఆ మాట ఎవరూ అనలేదు. పేరిభొట్లే రోజంతా తనకి తాను చెప్పుకుంటున్నాడు.

గురువుగారు విరూపాక్షయ్యగారు చేతికర్ర తీసుకుని, "పదవోయ్, మన లంకకి పోదాం" అన్నారు. నది నడుమ లంకలో, జామతోటల మధ్య, ఆశ్రమానికి ఒక తాటాకు పాక ఉంది. పొయ్యి వెలిగించకూడదని గురువుగారి ఆజ్ఞ. అటుకులు, పాలు, జామపళ్ళు. అంతే.

ఇక చూడండి పేరిభొట్లు విశ్రాంతి! వెయ్యిమందికి వండే చేతులాయె, విశ్రాంతి కూడా వెయ్యిమందికి సరిపడా మొదలుపెట్టాడు. కోడి కంటే ముందు లేచి అది ఇంకా కుయ్యలేదేమని దాన్ని కేకలేశాడు. గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకీ ఈదాడు. తోటలో ప్రతి చెట్టు కిందా కాసేపు పడుకున్నాడు. ఇసకలో వెల్లకిలా పడి, పళ్ళు బిగించి, పిడికిళ్ళు బిగించి, కళ్ళు ఎంత గట్టిగా మూసుకున్నాడంటే నుదుటి మీది విభూతి పెచ్చులూడింది.

ఆఖరికి గురువుగారి దగ్గరికి వచ్చి, "పొద్దుట్నుంచీ ఒక్క క్షణం ఊరుకోకుండా విశ్రాంతి తీసుకుంటున్నానండీ. ఇంకా ఎంత తీసుకోవాలి?" అని అడిగాడు.

గురువుగారు జామకాయ కొరికి, "పండలేదు" అన్నారు. కాయ సంగతో, మనిషి సంగతో పేరిభొట్లుకి బోధపడలేదు.

ఆశ్రమం నుంచి రోజూ పాలు తెచ్చే గంగులు పడవ కోసం పొద్దున్నే రేవులో కాపలా కాసేవాడు.

"ఏమోయ్ గంగులూ, నిన్న ఆశ్రమంలో ఏం వండారు?"

"ఆనపకాయ పప్పూ, గోంగూర పచ్చడీ అండి."

"పప్పు మాడిందా?"

"లేదండి."

"నా దగ్గర దాపరికమెందుకు? కాస్తయినా అడుగంటి ఉండాలే!"

"ఆయ్, నేను మారు అడిగి వడ్డించుకున్నానండి. మీరు లేని లోటు తెలీకుండా లాక్కొచ్చేత్తన్నాడండి కామయ్యగారు" అన్నాడు గంగులు, మంచి మాట చెప్పానన్న సంతోషంతో.

అడుగంటిన అన్నంలా ఆ మాట పేరిభొట్లు గుండెకి అంటుకుపోయింది. సరాసరి గురువుగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను వెనక్కి పంపించెయ్యండి."

"ఎందుకూ? అక్కడ బాగానే జరుగుతోందటగా."

"అదేనండీ నా బాధ!"

అనేశాక తన మాట తనకే వినబడి పేరిభొట్లు తల దించుకున్నాడు.

గురువుగారు లేచి, కండువా నడుముకి బిగించి, పాకలో దాచిన బియ్యం, పప్పూ తెచ్చి, మూడు రాళ్ళు పేర్చి పొయ్యి రాజేశారు. వద్దన్నది ఆయనే, రాజేసిందీ ఆయనే.

"అయ్యో, తమరు పొయ్యి ఊదడమేమిటి! ఇలా ఇవ్వండి."

"కూర్చో."

ఆ వంట వర్ణించడం నా తరం కాదు. పొగకి లంకలో కొంగలన్నీ పక్క లంకకి వలసపోయాయి. గంజి వారుస్తుంటే సగం మెతుకులు నీళ్ళపాలయ్యాయి. గోదావరి చేపలు ఆ విందు గురించి తమ మనవలకి చెప్పుకుని ఉంటాయి. పేరిభొట్లు మాత్రం కట్టె ఎగదోయబోయి ఒకసారీ, గరిట అందుకోబోయి ఒకసారీ లేచి, గురువుగారి చూపు తగిలి కూలబడ్డాడు.

గురువుగారు అరిటాకు తెచ్చి పేరిభొట్లు ముందు పరిచారు. అన్నం పెట్టి, పైన పప్పు వేశారు.

"తమరు తినకుండా నేనా!"

"ఇవాళ వంటవాణ్ణి నేను. వంటవాడు ఆఖర్న కదూ తినాలి?"

పాతికేళ్ళుగా పేరిభొట్లు తిన్నది అందరూ లేచాక, వంటింటి మూల నిలబడి, మజ్జిగ పోసుకుని మింగిన చల్లటి అన్నం. కూర్చున్న తన ముందు ఎవరైనా వేడన్నం వడ్డించి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

"చల్లారేదాకా చెయ్యి పెట్టకు" అన్నారు గురువుగారు, ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంటూ.

చెయ్యడానికేమీ లేదు. ఆకు మీద ఆవిరి లేస్తోంది. కాసేపు పేరిభొట్లు కామయ్యని తలుచుకున్నాడు, కాసేపు ఆరాధనని. అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. తలుచుకోవడం కూడా ఒక పనే కాబోలు, కొంతసేపటికి అదీ చేజారిపోయింది. ఎప్పుడు మూశాడో, కళ్ళు మూతలుపడి ఉన్నాయి. పిడికిళ్ళు వాటంతటవే విచ్చుకుని ఒళ్ళో పడ్డాయి. ఎక్కడో జామాకుల్లోంచి గాలి కదిలి, ఆవిరిని ముఖం మీదికి ఒక్క తోపు తోసింది.

"గురువుగారూ" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "పప్పులో ఉప్పు పడలేదు."

గురువుగారు ముందుకి వంగి అడిగారు.

"లంకకి ఎప్పుడొచ్చావు, పేరిభొట్లూ?"

పేరిభొట్లు కళ్ళు తెరిచాడు. ఎదురుగా అంత గోదావరి.

"ఇప్పుడేనండీ" అన్నాడు.