మట్టికాళ్ళమ్మి చుట్టిల్లు

ఇలా రా పైడీ, నా పక్కన పడుకో. అమ్మ ఇంకా రాలేదని మూతి ముడుచుకోకు. కథ చెప్తాను, ఊఁ కొట్టాలి మరి.

అనగనగా సముద్రపొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పదో తరగతి పాసైన ఒక పిల్ల. చిన్నప్పట్నుంచీ బురదలో బొమ్మరిళ్ళు కడుతుండేదని ఊరంతా దాన్ని మట్టికాళ్ళమ్మి అని పిలిచేవారు. దానికో తల్లి ఉండేది. నోరు పెద్దది, బుద్ధి చిన్నది.

ఆ ఊళ్ళో చిన్నపిల్లల బడికి రేకుల కప్పు. ఎండాకాలం లోపల కూచుంటే పిల్లలు పెనమ్మీద అట్లలా మాడిపోయేవారు. ఒకరోజు పెద్ద గాలొచ్చింది. రేకులు ఎగిరిపోయాయి, గోడలు కూలిపోయాయి. ఆదివారం కాబట్టి సరిపోయింది గానీ, తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

అప్పుడు పెద్దలు కూచుని, "వానలు పడేలోగా బడి లేవకపోతే పిల్లలు పడవెక్కి ఉప్పుటేరు అవతలి బడికి వెళ్ళాల్సిందే" అన్నారు. వానల్లో ఆ ఏరు ఎలా పొంగుతుందో తెలుసా? తల్లులందరికీ కంటిమీద కునుకు లేకుండా పోయింది.

ఆ ఊళ్ళోకి సిమెంటు లారీ రాదు, ఇసకలో కూరుకుపోతుంది. అప్పుడు మట్టికాళ్ళమ్మి లేచి, "పాతకాలపు చుట్టిల్లు కడదాం. గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు. గోడ నేను పెడతాను" అంది.

ఊరు ఘొల్లున నవ్వింది. ఎందుకంటే అక్కడ ఆడవాళ్ళు మట్టి మోస్తారు, గోడ మాత్రం మగవాళ్ళే పెడతారు. అందరికన్నా గట్టిగా అరిచింది దాని తల్లే. "ఆడపిల్లవి, నీకు గోడ పెట్టే పనేటే? రేపు నిన్నెవుడు సేసుకుంటాడు?"

నవ్వనివాడు గవరయ్య తాత ఒక్కడే. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల చుట్టిళ్ళన్నీ కట్టింది ఆయనే. "నా సేతులు వణుకుతున్నాయే అమ్మీ. నోరు నాది, సేతులు నీవి. రేపే మొదలెట్టు" అన్నాడు.

మొదట నడిమధ్యన కర్ర పాతి, దానికి కొత్త కొబ్బరితాడు కట్టి, ఆ తాడు పట్టుకుని చుట్టూ నడుస్తూ ముగ్గు పోసింది. తిరిగొచ్చేసరికి మొదలూ చివరా జానెడు ఎడం! నడుస్తుండగానే కొత్తతాడు సాగిపోయింది. "పాత పడవతాడు తేవే. అది సాగాల్సినంతా ఎప్పుడో సాగిపోయింది, నాలాగే" అన్నాడు తాత. ఆ తాడుతో ముగ్గు చక్కగా కలిసింది.

ఆ తర్వాత బంకమన్ను తడిపి మూరెడెత్తు వరస పెట్టింది. ఎండకి అది నెర్రెలు విచ్చింది. "ఎండుగడ్డి ఏదే? మట్టికి గడ్డే నరాలు" అన్నాడు తాత. అప్పుడు ఆ వరస తీసేసి, గడ్డి తరిగి కలిపి, మూడు రోజులు నానబెట్టి, ఊళ్ళో పిల్లలందరి చేతా తొక్కించింది. ఒకటే గెంతులు! మట్టి తొక్కమంటే వద్దనే పిల్లలుంటారా?

మూడో తప్పు మాత్రం తాత వద్దన్నా వినకుండా చేసింది. రెండో వరస పెట్టిన సాయంత్రం సముద్రమ్మీద మబ్బు కనిపించింది. వానొచ్చేస్తోందని గాభరాపడి, పచ్చి వరస మీదే మూడోది పెట్టేసింది. తెల్లారేసరికి గోడ పొట్ట ఉబ్బి, జారి కూలబడింది. మబ్బేమో చుక్క రాల్చకుండానే పోయింది. పాపం, ఆ పిల్ల మట్టికుప్ప మీద కూచుని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడొచ్చింది తల్లి. తిడదామనే వచ్చింది. కానీ కూతురి అరిచేతులు చూసింది. పగిలి నెత్తురోడుతున్నాయి. తిట్టడం మరిచిపోయింది. పక్కన కూచుని, "పచ్చి వడియం కదిపితే ఏటవుద్దే?" అని అడిగింది.

"ముద్దయిపోద్ది."

"మరి ఇదీ అంతే కదే. ఎండిన వడియం గలగలమంటాది. గోడ కూడా తడితే మోగాల, అప్పుడే పై వరస."

అని చీర ఎగ్గట్టి మట్టిలోకి దిగింది. "తొక్కడం నా పని. గోడ నువ్వు పెట్టు" అంది.

ఆ తర్వాత తొందరన్నది లేదు. వరస పెట్టడం, ఆరనివ్వడం, తట్టి చూడటం. మగవాళ్ళు కూడా సిగ్గుపడి తాటాకులు మోసుకొచ్చారు. చూరు బాగా కిందికి దించి కప్పారు.

వానలతో పాటు మళ్ళీ ఆ గాలే వచ్చింది. చుట్టింటికి మూలెక్కడుంది, పట్టుకోడానికి? చుట్టూ తిరిగి తిరిగి, విసుగొచ్చి పోయింది. ఒక్క పిల్ల కూడా ఏరు దాటాల్సిన పని లేకపోయింది.

మరుసటి ఎండాకాలం పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. గోడ మీద చెయ్యి వేసి, "బయట నిప్పులు కురుస్తుంటే లోపల ఎంత చల్లగా ఉందో! ఎండనీ గాలినీ మట్టినీ లెక్కగట్టి ఇళ్ళు కట్టే చదువుందమ్మా. మీ పిల్లని పంపుతారా?" అంది.

పిల్ల తల్లి వంక చూసింది. తల్లి కూతురి అరిచేతుల్ని ఒకసారి తడిమింది. ఆ తర్వాత, "మట్టి మొయ్యడానికా, గోడ పెట్టడానికా?" అని అడిగింది.

"గోడ పెట్టడానికే. పదిమంది చేత పెట్టించడానికి కూడా."

"అయితే తీసుకెళ్ళండి" అంది తల్లి.

ఇప్పుడు మట్టికాళ్ళమ్మి ఊరూరా బళ్ళు కడుతోంది. దాని వెనకాల పని నేర్చుకునే ఆడపిల్లలూ మగపిల్లలూ ఒక దండు.

ఏంట్రా ఆ చూపు? అవును, మీ అమ్మే. మరి ఆ పెద్దనోటి తల్లి ఎవరంటావా? ఇదిగో, నీ పక్కనే పడుకుంది. ఆ రోజు దాన్ని అంత మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుందిరా నాన్నా.

ఏమన్నావు? "అయితే అమ్మ కడుతున్న బడి దగ్గర వరస ఇంకా ఆరలేదా, అందుకే రాలేదా" అనా? నా బంగారమే, ఎంత బాగా కనిపెట్టావురా! రేపు పొద్దున్నే తట్టి చూస్తుంది. మోగిందంటే పై వరస పెట్టేసి, పొద్దుగూకేసరికి వచ్చేస్తుంది, ఆ మట్టికాళ్ళతోనే. కాళ్ళకి నీళ్ళు నువ్వే అందించాలి.

గోడేమో చూరుకి, కథేమో కంచికి,
అమ్మేమో ఇంటికి, నిద్రేమో నీ కంటికి!