సేనాని గారి సన్మాన పత్రం

ఆ అడవి పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు ఇంకొకరికి చెబుతారు, వాళ్ళు మరొకరికి చెబుతారు. రక్షణ వ్యవహారం కదా, నోరు అదుపులో పెట్టుకోవాలి. మన సౌకర్యం కోసం గుండ్లకోన అనుకుందాం. అసలు పేరు అది కాదు.

ఆ కోన చుట్టూ ముళ్ళకంచె ఉండేది. రేగుకంప, కలేకంప, చేతికి దొరికిన ముళ్ళన్నీ వేసి జంతువులే కట్టుకున్నాయి. కంచె అవతల రేచుకుక్కలు తిరిగేవి మరి. ఒక్కొక్కదాన్నీ విడిగా చూస్తే మన వీధి కుక్కంతే ఉంటుంది గానీ, గుంపుగా వచ్చాయంటే అడవిదున్న కూడా మిగలదు. కంచె ఎంత దట్టంగా ఉండేదంటే అవతల ఎవరున్నారో కనపడేది కాదు, గొంతు వినపడేది, అంతే.

రాకపోకలకు తూర్పున ఒకటే కంపతలుపు. వాగు కంచె అవతల ఉంది కాబట్టి నీళ్ళకు వెళ్ళినవాళ్ళు ఆ తలుపు దగ్గరికే తిరిగి రావాలి. లోపల బండ మీద కొండముచ్చు సుంకన్న కూర్చునేవాడు. బయట నుంచి ఆనాటి గుర్తుమాట వినపడితే తీగ లాగి తలుపెత్తేవాడు. వినపడకపోతే పేలు చూసుకుంటూ కూర్చునేవాడు.

ఆ గుర్తుమాటలు తయారుచేసేది ఉడుము ఓబులమ్మ. రోజుకొకటి మార్చేది. అవి మామూలు మాటలు కావు. ఒకరోజు 'మూడు కాళ్ళ నత్త ముక్కుపొడి' అనేది, మర్నాడు 'పుల్లటి ఉరుము మీద బూడిద గుమ్మడి' అనేది. ఎవరి ఊహకూ అందకూడదని ఆవిడ పట్టుదల. ఉడుం పట్టంటే తెలుసుగా.

ఇదికాక ఆవిడకు ఇంకో పని ఉండేది. కంచె లోపలి పక్కన బారెడు వెడల్పున మెత్తటి దుమ్ము పరిచి ఉండేది. పొద్దున్నే తోకతో దాన్ని చదును చేసేది. సాయంత్రం వెలుగుండగానే కోన చుట్టూ నడుస్తూ దుమ్ము మీద ఎవరి అడుగులు పడ్డాయో ఒక్కొక్కటీ చూసేది. తర్వాత సేనాని దగ్గరికి వెళ్ళి ఆ రోజు సంగతి చెప్పేది.

సేనాని ఎలుగుబంటి భీమలింగం. మంచివాడే. బలం ఉంది, ధైర్యం ఉంది, ఛాతీ మీద తెల్లటి మచ్చ ఉంది. ఆ మచ్చ అందరికీ కనపడేలా ఎప్పుడూ కాస్త వెనక్కి వాలి కూర్చునేవాడు.

"ఏం ఓబులమ్మా, ఏమైంది ఇవాళ?"

"ఏమీ జరగలేదు సేనాని గారూ."

"నిన్న?"

"నిన్నా ఏమీ జరగలేదు."

"రెండేళ్ళుగా ఇదే మాట చెబుతున్నావు. ఏమీ జరగనప్పుడు నువ్వు పొద్దస్తమానం చేస్తున్నదేమిటి?"

"అదేనండి చేస్తున్నది," అంది ఓబులమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. పాపం, ఆవిడ ఉద్యోగమే అలాంటిది. బాగా చేస్తే ఏమీ కనపడదు. ఒక్కరోజు తప్పితే మాత్రం అందరికీ కనపడుతుంది.

భీమలింగానికి గుర్తుమాటలతో పెద్ద చిక్కొచ్చి పడింది. ఒకసారి వాగు నుంచి వచ్చి, ఆనాటి మాట మర్చిపోయి, ఎండలో తలుపు బయటే నిలబడిపోయాడు. లోపల సుంకన్న గొంతు గుర్తుపట్టి కూడా తియ్యలేదు. రూలు రూలే అన్నాడు.

"ఇదేం పద్ధతి?" అని ఆ సాయంత్రమే చిందులు తొక్కాడు భీమలింగం. "నేను సేనానిని. నత్తలూ ముక్కుపొళ్ళూ నాకెందుకు? నాకొక మాట ఉంటుంది. ఎప్పటికీ అదే. నేనొచ్చినా, నేను పంపినవాళ్ళొచ్చినా ఆ మాటకు తలుపు తియ్యాలి. సుంకన్న చెవిలో నేనే చెప్పుకుంటాను."

"మారని మాట ప్రమాదమండి," అంది ఓబులమ్మ.

"నీకు అన్నీ ప్రమాదాలే."

సుంకన్న చెవిలో మాట పడింది. ఓబులమ్మ నోరు మూసుకుంది గానీ మనసులో మాత్రం ముల్లు అలాగే ఉండిపోయింది.

వేసవి మొదలైంది. ఒకరోజు పొద్దున భీమలింగం ఉత్తరం వైపు కంచె చూసుకుంటూ నడుస్తుంటే అవతలి నుంచి ఒక మర్యాదైన గొంతు వినపడింది.

"అయ్యా, అడుగుల బరువును బట్టి అడుగుతున్నాను, తమరు సేనాని భీమలింగం గారేనా?"

"అవును, నువ్వెవరు?"

"నేను పక్కకోన దుప్పినండి. వీరుల సన్మాన సంఘం కార్యదర్శిని. ఈ ఏడు 'వనరక్షక శిరోమణి' బిరుదు తమరికే ఇవ్వాలని మా వాళ్ళంతా ఏకగ్రీవంగా తీర్మానించారు."

భీమలింగం కంచెకు చెవి ఆనించాడు. ముళ్ళు గుచ్చుకున్నా పట్టించుకోలేదు.

"నాకెందుకయ్యా అవన్నీ," అన్నాడు. "శాలువా కూడా ఉంటుందా?"

"శాలువా, పూలదండ, చదవడానికి సన్మాన పత్రం, అన్నీ ఉంటాయండి. ముందుగా ఇది మా చిన్న కానుక." కంచె అడుగున చిన్న సందులోంచి మోదుగాకు దొన్నె ఒకటి లోపలికి జారింది. దాన్నిండా తేనె ఉంది.

అవతల ఉన్నది దుప్పి కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నక్క గవరయ్య. రేచుకుక్కలకు దారులు చూపించి, అవి తిన్నాక మిగిలింది తినే రకం. తనకు మారని మాట కావాలని సేనాని ఆ సాయంత్రం తొక్కిన చిందులన్నీ కంచె అవతల నుంచి విన్నాడు కూడా. అప్పటికి కోనలో జింక పోలమ్మ ఈని మూడు రోజులైంది. నెలలు నిండకుండా పుట్టిన కవలలు. ఇంకా కాళ్ళు నిలవడం లేదు. ఆ వాసన గాలి మీద కంచె దాటి పోయింది.

"సన్మాన పత్రంలో తమరి జీవిత విశేషాలు రాయాలండి," అన్నాడు గవరయ్య మర్నాడు, ఇంకో దొన్నెతో. "తమరు పుట్టిన గుహ ఏది?"

"నెమళ్ళబండ గుహ."

"ఆహా. తమరికి ఇష్టమైన పండు?"

"తునికిపండు. ఇప్పపూలు కూడా రాసుకో."

"రాసుకున్నానండి. ఇంతటి వీరుణ్ణి కన్న తల్లి పేరు?"

భీమలింగం ఛాతీ మచ్చ మీద చెయ్యేసుకున్నాడు. "ఎర్రబుచ్చమ్మ," అన్నాడు. "మహాతల్లి. పెద్దక్షరాల్లో రాయించు."

ఆ సాయంత్రం ఓబులమ్మ దుమ్ము చూస్తూ ఉత్తరం వైపు ఆగిపోయింది. అడుగులు కొత్తవేం లేవు. కానీ దుమ్మును అడ్డంగా కోస్తూ ఒక చీమల బారు పోతోంది. అది కంచె అడుగు నుంచి మొదలై సేనాని గుహ వైపు సాగింది. ఆవిడ నాలుక చాపి దుమ్మును తాకింది. తేనె.

'మన తేనెపట్లన్నీ తూర్పున ఉన్నాయి. ఉత్తరం నుంచి తేనె ఎలా వచ్చింది?' అనుకుంది. కంచె అడుగున ఉన్న సందులోకి మూతి దూర్చింది. ముందు నక్క కంపు తగిలింది. దాని వెనక చాలా రేచుకుక్కల వాసనలున్నాయి.

సేనాని గుహకు వెళ్ళేసరికి ఆయన మూతి నాకుకుంటున్నాడు.

"ఎవరిచ్చారండీ తేనె?"

"ఏ తేనె?" అన్నాడు భీమలింగం. గడ్డం మీద ఇంకా ఉంది. తర్వాత ఆపుకోలేక, "నీకు తెలియదులే, నాకు సన్మానం జరగబోతోంది. పక్కకోన దుప్పి వచ్చి చెప్పింది," అన్నాడు.

"దుప్పి చెట్టెక్కి తేనె తీసిందా? ఆ సందులో కొడుతున్నది నక్క కంపు, దాని వెనక రేచుకుక్కల కంపు."

భీమలింగం గడ్డం మీది తేనె గబగబా తుడుచుకున్నాడు.

"ఏం అడిగాడు మిమ్మల్ని?"

"రహస్యాలేం అడగలేదు. పుట్టిన గుహ, ఇష్టమైన పండు, అమ్మ పేరు."

"మీ గుర్తుమాట అమ్మ పేరేనా?"

"నీకెవరు చెప్పారు? సుంకన్న చెప్పాడా?"

"ఎవరూ చెప్పక్కర్లేదండి. మారని మాట పెట్టుకోమంటే సగం అడవి అమ్మ పేరే పెట్టుకుంటుంది. మిగతా సగం తన పేరే పెట్టుకుంటుంది."

భీమలింగం ఒక్కసారిగా నేల మీద కూలబడ్డాడు. ఛాతీ మీద మచ్చ సంగతి కూడా మర్చిపోయాడు. "పోలమ్మ పిల్లలు," అన్నాడు. నేను ముందే చెప్పాను, మంచివాడే.

ఈలోపు గుహ బయట ఆ మాటలు విని పోలమ్మ పరుగున వచ్చింది. "అక్కా, నా పిల్లలకు ఇంకా కాళ్ళు రాలేదే. వాళ్ళను నోట కరుచుకుని పోవడానికి నేను పిల్లిని కూడా కాదు. ఏం చెయ్యను?"

"మాట మార్చేద్దాం, ఇప్పుడే," అన్నాడు భీమలింగం.

ఓబులమ్మ అడ్డంగా తలూపింది. "మారిస్తే రేపు తలుపు తెరుచుకోదు. వాడికి అనుమానమొస్తుంది, ఇంకో దారి వెతుకుతాడు. ఆ దారేదో మనకు తెలియదు. ఇప్పుడైతే వాడు ఎటు నుంచి వస్తాడో, ఏం మాట చెబుతాడో అన్నీ మనకు తెలుసు. మాట మార్చొద్దు సేనాని గారూ. తలుపు వెనక దారి మారుద్దాం."

కంపతలుపు దాటగానే ఎడమ పక్కన రెండు బండల మధ్య ఒక సందు ఉండేది. అది పాతికడుగులు పోయి మూసుకుపోతుంది. దాని పైన కొండ తేనెటీగల పట్లు ఏడు వేలాడుతుండేవి. ఆ ఏడూ భీమలింగం ఎవర్నీ ముట్టనివ్వకుండా తన కోసం దాచుకున్నవి.

"ఆ తేనెపట్లేనా?" అన్నాడు భీమలింగం నీరసంగా.

"అవేనండి."

ఆయన లేచాడు. తానే కంపలు మోసుకొచ్చి కోనలోకి పోయే తిన్నని దారికి అడ్డంగా వేశాడు. ఎడమ సందు ఒక్కటే తెరిచి ఉంచాడు. పిల్లలున్న పొద మీద పోలమ్మ, ఓబులమ్మ తడి ఆకులు కప్పారు, తేనెటీగలు అటు రాకుండా.

మర్నాడు పొద్దున్న గవరయ్య కంచె దగ్గరికి వచ్చాడు. "ఒక్క వివరం మిగిలిపోయిందండి. తమరి దినచర్య. విశ్రాంతి ఎప్పుడు?"

"మిట్టమధ్యాహ్నం," అన్నాడు భీమలింగం, ఓబులమ్మ నేర్పినట్టే. "అప్పుడు కోనంతా నిద్రపోతుంది."

"ధన్యోస్మి."

"ఒక్క మాట," అన్నాడు భీమలింగం. అది ఓబులమ్మ నేర్పింది కాదు. "శాలువా ఏ రంగుదయ్యా?"

పక్కనే ఉన్న ఓబులమ్మ ఆయన కాలి వేలు కొరికింది.

మిట్టమధ్యాహ్నమైంది. ఎండ మాడ్చేస్తోంది. కంపతలుపు బయట నుంచి బొంగురు చేసుకున్న గొంతు ఒకటి వచ్చింది. "సేనాని గారు పంపారు. ఎర్రబుచ్చమ్మ."

సుంకన్న ఆవులించి, తీగ లాగి బండకు చుట్టేశాడు. తలుపు లేచింది. ముందు గవరయ్య, వెనక పద్నాలుగు రేచుకుక్కలు చప్పుడు లేకుండా లోపలికి వచ్చాయి. ఎదురుగా కంప, ఎడమ పక్కన దారి. గవరయ్య ఎడమకు తిరిగాడు. తిరగకేం చేస్తాడు, దారి చూపించడమే వాడి పని. చివరి కుక్క సందులోకి దూరగానే భీమలింగం బండ చాటు నుంచి వచ్చి పెద్ద రేగుకంప ఒకటి వాటి వెనక పడేశాడు. పైనుంచి సుంకన్న ఏడు పట్ల మీదికీ ఏడు రాళ్ళు విసిరి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

ఆ తర్వాత జరిగింది నేను వర్ణించను. తేనెటీగలు కుట్టినవాళ్ళెవరైనా మీ ఇంట్లో ఉంటే అడగండి. కంపలు చీల్చుకుని, ముళ్ళు గుచ్చుకుని, వచ్చిన తలుపులోంచే బయటపడి పారిపోయాయి రేచుకుక్కలు. వాగు దాకా తరిమాయి ఈగలు. రేచుకుక్కల ముక్కులు వంకాయల్లా వాచిపోయాయి. వాగులో మునిగి తేలాక అవి ముందు వెతికింది గవరయ్యనే. దారి చూపించింది వాడేగా. వాడు ఏ దిక్కుకు పోయాడో ఇప్పటికీ ఆచూకీ లేదు.

మూడు రోజులకు పోలమ్మ పిల్లలు లేచి నిలబడ్డాయి. నాలుగోరోజు దుమ్ము మీద గెంతి ఓబులమ్మ చదును చేసిందంతా పాడుచేశాయి. ఆవిడ ఒక్కమాట అనలేదు. ఏడు పట్లలో ఒక్కటీ మిగల్లేదు గానీ, పిల్లలు గెంతుతుంటే చూస్తూ భీమలింగం తేనె ఊసే ఎత్తలేదు. ఎత్తాడు, ఒక్కసారి. నిజం చెప్పాలి కదా.

ఆ వారమే ఆయన ఒక నిర్ణయం ప్రకటించాడు. "సన్మానం జరగాల్సిందే. నాకు కాదు, ఓబులమ్మకు."

అందరూ చేరారు. శాలువా దొరక్క అరటాకు కప్పారు. సన్మాన పత్రం రాసే బాధ్యత భీమలింగమే తీసుకున్నాడు.

"ఓబులమ్మా, జీవిత విశేషాలు కావాలి. నువ్వు పుట్టిన పుట్ట ఏది?"

"చెప్పను."

"ఇష్టమైన తిండి?"

"చెప్పను."

"పోనీ, మీ అమ్మ పేరైనా చెప్పు."

ఓబులమ్మ ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. భీమలింగం గొంతు సవరించుకుని, పక్కకు తిరిగి, "రేపటి గుర్తుమాట ఏమిటో నాకు నిదానంగా రెండుసార్లు చెప్పు, నేర్చుకుంటాను," అన్నాడు.

ఇక పత్రంలో రాయడానికి ఒక్క వాక్యమే మిగిలింది. దాన్నే ఆయన లేచి నిలబడి, అందరికీ వినపడేలా చదివాడు. "ఓబులమ్మ కాపలాలో ఇవాళ కూడా ఏమీ జరగలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పోలమ్మ కళ్ళు తుడుచుకుంది.

నీతి: పొగిడేవాడు మన గురించి మరీ ఎక్కువ అడుగుతున్నాడంటే, వాడికి కావలసింది మనం కాదు, మన తలుపు.